ఇంటిపేరు వంశం ఇచ్చిందా, సర్కారు రాసిందా?

తూర్పుగాలి
ఒక ఫ్రెండ్‌తో వాదన తెగట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. వాడి మాట ఒక్కటే: "ఇంటిపేరంటే వేల ఏళ్ల వంశచరిత్ర. మనిషి పోయినా అది మిగులుతుంది, ప్రపంచంలో ఎక్కడైనా అంతే." నాకేమో అనుమానం. ఇంటిపేరే లేని దేశాలు ఇప్పటికీ ఉన్నాయిగా? మరి ఇది ఎప్పుడు మొదలైంది? ఎవరు పెట్టారు? మనుషులు వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారా, ఎవరైనా పెట్టుకోమన్నారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. లింకులు పడేసి వెళ్లిపోకండి ప్లీజ్.

పాతకాగితం
మీ ఫ్రెండ్ మాట ఒకటి రెండు చోట్ల నిజం, మిగతా ప్రపంచంలో చాలావరకు కాదు. ఎక్కువ దేశాల్లో మామూలు జనానికి ఇంటిపేరు వచ్చి రెండు వందల నుంచి ఏడెనిమిది వందల ఏళ్లు. కొన్నిచోట్ల వందేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

ఇంగ్లండ్ సంగతి చూడండి. 1066లో నార్మన్లు గెలిచాక పాత ఆంగ్లో-సాక్సన్ పేర్లు మెల్లగా మూలపడ్డాయి. విలియం, రాబర్ట్, రిచర్డ్, జాన్, థామస్ వచ్చాయి. 14వ శతాబ్దానికి మగవాళ్లలో సగానికి పైగా ఈ గుప్పెడు పేర్లలోనే ఇరుక్కున్నారు. ఊళ్లో పది మంది జాన్‌లుంటే ఎవరిని పిలిచినట్టు? అందుకని పని, తండ్రి పేరు, ఇల్లున్న చోటు, ఒంటి తీరు, ఏదో ఒకటి తగిలించేవాళ్లు. వంతెన దగ్గర జాన్, రాబర్ట్ కొడుకు జాన్, పొట్టి జాన్.

ఇవి ఇంకా ఇంటిపేర్లు కావు, గుర్తులు. తండ్రి కమ్మరి, కొడుకు రొట్టెలు కాల్చేవాడు అయితే ఇద్దరికీ వేర్వేరు పేర్లు పడేవి. 1377, 1379, 1381ల్లో తలపన్ను వేశారు. పన్ను పుస్తకంలో ఒక మనిషి రెండేళ్ల తర్వాత కూడా అదే మనిషిగా దొరకాలి కదా. ఆస్తి వారసత్వానికీ అదే అవసరం. 1538 నుంచి రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వుతో ప్రతి పారిష్‌లో, అంటే ఒక్కో చర్చి పరిధిలో, బాప్తిస్మం, పెళ్లి, చావు రాయడం మొదలైంది. అప్పటికే చాలాచోట్ల స్థిరపడిన పేర్లు ఆ సిరాతో ఇంకా గట్టిపడ్డాయి.

చిలకపచ్చ
చిన్న డౌట్. ఎక్కువమంది రైతులే కదా ఆ రోజుల్లో? మరి ఎటు చూసినా స్మిత్‌లేంటి, అంటే కమ్మరులేంటి?

పాతకాగితం
మంచి ప్రశ్న. రైతులు ఎక్కువ కాబట్టే ఆ పేరు నిలబడలేదు. ఊరంతా దున్నేవాళ్లే అయినప్పుడు "దున్నే జాన్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. కమ్మరి ఊరికి ఒకడో ఇద్దరో, కానీ లేని ఊరు లేదు. అందుకే ఒక్కో ఊళ్లో అది పనికొచ్చే గుర్తు, దేశం మొత్తం కలిపితే పెద్ద గుంపు. ఇది ఇంగ్లండ్ ఒక్కదాని కథ కాదు. జర్మనీలో ష్మిత్, హంగరీలో కొవాచ్, పోలండ్‌లో కొవాల్‌స్కి, రష్యాలో కుజ్‌నెత్సోవ్, ఇటలీలో ఫెర్రారీ, అరబ్బు దేశాల్లో హద్దాద్. అందరూ కొలిమి సంతానమే.

రాగిరేకు
పాతకాగితం గారూ, యూరప్‌ని పట్టుకుని ప్రపంచం అనేస్తే ఎలా అండి? చైనా ఉంది. ఝౌ రాజవంశం కాలానికే అక్కడ కులీనులకు వంశనామాలున్నాయి. ఛిన్, హాన్ కాలాలకు, అంటే రెండు వేల ఏళ్ల కిందటికే, మామూలు జనానికీ పాకాయి. జీ, జ్యాంగ్, యావ్ లాంటి అతి పాత వంశనామాలు రాసే అక్షరాల్లో "స్త్రీ" గుర్తు కనిపిస్తుంది. ఒకప్పుడు వంశం తల్లి వైపు నుంచి లెక్కించేవారేమోనని కొందరు పండితులు అనడానికి కారణం అదే. ఈ లెక్కన తూర్పుగాలి గారి ఫ్రెండ్ పూర్తిగా తప్పేం కాదు.

పాతకాగితం
"ఒకటి రెండు చోట్ల" అన్నది చైనాని మనసులో పెట్టుకునే. కాకపోతే అక్కడ కూడా పేర్లు జనం దాకా పాకిన కాలం, సర్కారు ఇల్లిల్లూ రాసుకుని పన్నుకీ వెట్టికీ సైన్యానికీ మనుషుల్ని లెక్కగట్టిన కాలం ఒకటే. కాకతాళీయం అనుకోను నేను.

రాగిరేకు
సర్కారు రాసుకుంది, ఒప్పుకుంటా. పుట్టించింది అంటే ఒప్పుకోను.

లెక్కలపిచ్చి
మధ్యలో దూరుతున్నా. చైనా జనాభాలో వాంగ్, లీ, ఝాంగ్, ల్యూ, చెన్ అనే ఐదు ఇంటిపేర్ల వాళ్లే దాదాపు 30 శాతం. పై వంద పేర్లు కలిపితే 85 శాతం దాకా. జపాన్ జనాభా చైనాలో పదో వంతు కూడా లేదు, అక్కడ ఇంటిపేర్లు లక్షకు పైనే అంటారు. ఎందుకీ తేడా?

ఇంటిపేరు కొడుకుల ద్వారానే సాగే చోట, ఒక ఇంట్లో కొడుకులు లేకపోతే ఆ పేరు ఆ ఇంటితో ఆఖరు. ప్రతి తరంలో కొన్ని పేర్లు ఇలా రాలిపోతూనే ఉంటాయి, కొత్తవి పెద్దగా పుట్టవు. విక్టోరియా కాలంలో పెద్దింటి పేర్లు ఎందుకు అంతరిస్తున్నాయని ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక లెక్క పజిల్‌గా అడిగాడు. హెన్రీ వాట్సన్ అనే పాదిరీ గణితం వేసి ఎంత టైమిస్తే అన్ని పేర్లూ పోతాయని తేల్చాడు. అది పొరపాటు, సగటున ఒక్కరి కంటే ఎక్కువ కొడుకులుంటే కొన్ని పేర్లు ఎప్పటికీ బతకొచ్చు. కానీ పద్ధతి మాత్రం గట్టిది. ఇప్పుడు అణు చైన్ రియాక్షన్‌కీ, అంటువ్యాధి పాకడానికీ అదే లెక్క వాడుతున్నారు.

ఇంటిపేర్లు పాతవైన చోట తక్కువ మిగులుతాయి, కొత్తవైన చోట రకరకాలుగా ఉంటాయి. జపాన్‌లో 1870లో సామాన్యులకు ఇంటిపేరు పెట్టుకునే అనుమతి వచ్చింది. 1875లో తప్పనిసరి చేశారు. రాలిపోవడానికి ఇంకా టైమే లేదు.

తూర్పుగాలి
అనుమతి ఇచ్చిన ఐదేళ్లకే తప్పనిసరి ఎందుకు చేశారు?

పాతకాగితం
1873లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. సైన్యంలోకి రావాల్సిన కుర్రాళ్లని పట్టుకోవాలంటే పేరూ చిరునామా కావాలి. జనం ఏమో అనుమతి వచ్చినా పెద్దగా పట్టించుకోలేదు, రిజిస్టర్లో పడితే పన్నో పిలుపో వస్తుందని భయం. సైన్యం ఒత్తిడి చేసింది, చట్టం వచ్చింది. అంతకుముందున్న ఎడోకాలంలోనే కొంతమంది రైతులూ వ్యాపారులూ లోపాయికారీగా ఇంటిపేర్లు వాడుకునేవాళ్లు. రాగిరేకు గారికి ఆ పాయింట్ ఇచ్చేస్తున్నా.

సర్కారు చేతివాటం కళ్లకు కట్టినట్టు కనిపించాలంటే ఫిలిప్పీన్స్ చూడాలి. స్పెయిన్ పాలనలో చాలామంది శాంతోస్, క్రూజ్ లాంటి భక్తి పేర్లు తగిలించుకునేవాళ్లు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు తలో పేరు. పన్ను లెక్క ఎలా తేలుతుంది? గవర్నర్ జనరల్ నార్సిసో క్లవేరియా 1849 నవంబర్‌లో ఉత్తర్వు వేశాడు. సుమారు 60 వేల ఇంటిపేర్లతో ఒక అక్షరక్రమ పట్టిక అచ్చు వేయించారు. అందులో స్పెయిన్ పేర్లే కాదు, స్థానిక భాషల మాటలు, చెట్ల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఆ పట్టిక పేజీలు రాష్ట్రాలకు పంచారు, వాళ్లు ఊళ్లకు పంచారు. ఊళ్లో ఇంటిపెద్ద వచ్చి తమకు వచ్చిన పేజీలోంచి ఒకటి ఎంచుకోవాలి. దాంతో కొన్ని ఊళ్లలో ఊరంతా ఒకే అక్షరం! ఆల్బే రాష్ట్రంలోని ఓయాస్‌లో ఇప్పటికీ "ఆర్" అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు కుప్పలు. నాలుగు తరాలుగా ఒకే పేరు వాడుతున్నట్టు చూపించిన కుటుంబాలకు మాత్రం మార్చుకోనక్కర్లేదన్నారు.

చిలకపచ్చ
అంటే కొన్ని ఊళ్లలో పూర్వీకుల చరిత్ర అంటే ఏ పేజీ వచ్చిందన్నదే 😄

వానకోయిల
టర్కీ కూడా చెప్పాలిగా. 1934 జూన్‌లో ఇంటిపేర్ల చట్టం, 1935 జనవరి నుంచి అమలు. దేశం మొత్తం పేరు వెతుక్కోవాలి. ముస్తఫా కెమాల్‌కి పార్లమెంటు "అతాతుర్క్" ఇచ్చింది, అది ఇంకెవరూ పెట్టుకోకూడదని విడిగా చట్టం చేసింది. ఇస్మెత్ పాషా తను గెలిచిన యుద్ధరంగం పేరుతో ఇనోను అయ్యాడు. పాషా, బే, ఎఫెంది లాంటి బిరుదులు ఆ ఏడాదే రద్దు. ఒక మెలిక కూడా పెట్టారు: యాన్, పులోస్, జాదే లాంటి తోకలున్న కొత్త ఇంటిపేర్లు కుదరవు. ఆర్మేనియన్లకీ, గ్రీకులకీ, పర్షియన్ వాసనలకీ తలుపు మూసినట్టే. పేరు ఇవ్వడం అనే మంచిపని ముసుగులో ఎవరు ఈ దేశం మనిషో తేల్చేశారు. ఈ కోణం వదిలేసి "అడ్మినిస్ట్రేషన్ కోసం" అని సరిపెట్టేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

థాయిలాండ్ మాత్రం కాస్త సరదా. 1913లో ఆరో రాముడు అనే బిరుదున్న రాజు వజిరావుధ్ ఇంటిపేర్లు తప్పనిసరి చేశాడు. ఆయన స్వయంగా కూర్చుని 6 వేలకు పైగా కుటుంబాలకు పేర్లు కల్పించి ఇచ్చాడు. ఒక కుటుంబం పేరు ఇంకో కుటుంబానికి ఉండకూడదు. అందుకే తర్వాత వచ్చినవాళ్ల పేర్లు అంత పొడుగు, పొట్టివన్నీ ముందే అయిపోయాయి.

రాగిరేకు
సరే, చట్టాల చిట్టా అయింది. ఇప్పుడు నేను చెప్పేది వినండి. రోమన్ల దగ్గర ఏ గుమాస్తా రాకముందే మూడు పేర్ల పద్ధతి ఉంది. గైయస్ యూలియస్ సీజర్‌లో గైయస్ సొంత పేరు, యూలియస్ వంశం, సీజర్ శాఖ. సొంత పేర్లు ఎంత తక్కువంటే, వాడుకలో పద్దెనిమిది దాకా ఉండేవి. అందుకే శాఖ పేర్లు పుట్టుకొచ్చాయి. అవీ మన ఊహకి అందే రకమే: నాసో అంటే ముక్కుపెద్ద, సిసెరో అంటే శనగగింజ. ఆడపిల్లలకైతే సొంత పేరు పెట్టే శ్రమ కూడా పడలేదు, యూలియస్ కూతురు యూలియా. ఇద్దరుంటే పెద్ద యూలియా, చిన్న యూలియా. సీజర్ అక్కచెల్లెళ్లిద్దరూ యూలియాలే.

పాతకాగితం
రోమ్ ఉదాహరణ నా వైపే వస్తుందండీ. క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాడు. కొత్త పౌరులు ఆయన వంశనామం ఔరేలియస్ తగిలించుకున్నారు. లక్షల మంది ఔరేలియస్‌లు! అందరికీ ఉన్న పేరు ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదు. ఆ తర్వాత రెండు మూడు వందల ఏళ్లలో ఆ పద్ధతే కుప్పకూలింది, పశ్చిమ యూరప్ మళ్లీ ఒంటి పేర్లకు వచ్చేసింది. యూరప్ ఇంటిపేర్లు రోమ్ నుంచి తెగకుండా వచ్చాయనుకోవడం అందుకే తప్పు. మధ్యలో పెద్ద ఖాళీ ఉంది.

రాగిరేకు
సామ్రాజ్యం ముట్టుకోనంత కాలం జనం పేర్లు బాగానే నడిచాయని మీరే చెప్పారు. థాంక్స్ 🙂

నిద్రపట్టనిరాత్రి
మీ ఇద్దరి గొడవ బాగుంది కానీ, స్కాండినేవియా దగ్గర ఇద్దరి వాదనా చెడుతుంది. నార్వే పల్లెల్లో ఇంటిపేరు అనుకునేది నిజానికి పొలం పేరు. పొలం మారితే పేరు మారుతుంది. కొడుకు ఒక పొలంలో పుట్టి, కౌలుకి ఇంకో పొలానికి వెళ్తే అక్కడి పేరు. అల్లుడు అత్తవారి పొలంలో దిగితే ఆ పేరే. రక్తసంబంధం ఊసే లేదు. 1923 చట్టంతో గానీ అందరికీ స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి కాలేదు.

స్వీడన్‌లో ఇంకా చిత్రం. 17వ శతాబ్దం చివర్లో వచ్చిన పద్ధతిలో కొన్ని పొలాలు కలిసి ఒక సిపాయిని పోషించాలి, అతనికి చిన్న ఇల్లూ కాస్త నేలా ఇవ్వాలి. ఒక్కో దళంలో ఆండర్స్ ఆండర్సన్‌లు అరడజను మంది. ఆజ్ఞ ఇస్తే ఎవడు కదలాలి? అందుకని దళాధికారి పొట్టి పేర్లు పెట్టేవాడు: రాస్క్ అంటే చురుకు, మోదిగ్ అంటే ధైర్యం, స్వార్ద్ అంటే కత్తి. ఆ సిపాయి పోయి కొత్తవాడు వస్తే చాలాసార్లు ఇంటితోపాటు పేరూ వాడికే. ఇవాళ ఇద్దరు రాస్క్‌లు కలిస్తే చుట్టాలు కావాల్సిన పని లేదు. ఒకే గుడిసెలో ఒకరి తర్వాత ఒకరు కాపురం పెట్టిన ఇద్దరు సిపాయిల మనవళ్లు కావచ్చు.

బ్రిటిష్ సైన్యం ఈ తెలివి చూపలేదు. వేల్స్ నిండా జోన్స్‌లే కదా, వాళ్లని నంబర్లతో పిలిచేవాళ్లు. 1879లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ పోరులో విక్టోరియా క్రాస్ వచ్చిన ఇద్దరు జోన్స్‌లు 593 జోన్స్, 716 జోన్స్.

గోడమీదపిల్లి
అమెరికాకి వలస వెళ్లినవాళ్ల పేర్లు న్యూయార్క్ వలస కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు నోరు తిరక్క మార్చేశారట కదా? అది కూడా ఈ లిస్టులో వేయండి.

పాతకాగితం
వేయను, ఎందుకంటే అది కట్టుకథ. అక్కడి ఇన్‌స్పెక్టర్లు పేర్లు కొత్తగా రాసేవాళ్లే కాదు. ఓడ ఎక్కిన రేవులో తయారైన ప్రయాణికుల జాబితా ముందు పెట్టుకుని సరిచూసేవాళ్లు. వలస భాషలు వచ్చినవాళ్లూ, దుబాసీలూ అక్కడ ఉండేవాళ్లు. పేర్లు మారింది ఎక్కువగా తర్వాత: ఉద్యోగం కోసం, స్కూల్లో పిల్లలు ఏడిపించకుండా, పౌరసత్వ కాగితం తీసుకునేటప్పుడు. ఎక్కువసార్లు మార్చుకున్నది వాళ్లే.

గోడమీదపిల్లి
మరి అన్ని కుటుంబాలూ అదే చెప్తాయేంటి?

వానకోయిల
"మా తాత పేరు ఎవడో మార్చేశాడు" అని చెప్పుకోవడం, "మా తాత భయపడి మార్చుకున్నాడు" అనడం కన్నా తేలిక కాబట్టి.

పేరు మార్చుకోవడం ఎప్పుడూ లొంగుబాటు కాదనుకోండి. అమెరికాలో బానిసత్వంపై పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ అసలు ఇంటిపేరు బెయిలీ. 1838లో బానిసత్వం నుంచి పారిపోయాక పట్టుబడకుండా మార్చుకున్నాడు, ఆ కొత్త పేరుతోనే చరిత్రకెక్కాడు. అక్కడి నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ అయితే బానిస యజమానుల నుంచి వచ్చిన ఇంటిపేరు తీసేసి, తెలియకుండా పోయిన ఆఫ్రికా పేరుకి గుర్తుగా ఎక్స్ పెట్టుకున్నాడు.

చిలకపచ్చ
ఆడవాళ్ల సంగతి ఇంతవరకు రోమ్ దగ్గరే ఆగిపోయింది. పెళ్లయితే ఇంటిపేరు మారాలన్నది అన్నిచోట్లా అనాదిగా ఉన్న రూలేం కాదు. చైనా, కొరియాల్లో పెళ్లయినా పుట్టింటి పేరే. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు, ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. పాబ్లో రూయిజ్ పికాసోలో రూయిజ్ తండ్రి వైపు, పికాసో తల్లి వైపు. ఆయన సంతకానికి అమ్మ పేరే ఉంచుకున్నాడు.

1855లో పెళ్లి చేసుకుని సొంత పేరు వదలని అమెరికా మహిళాహక్కుల నాయకురాలు లూసీ స్టోన్‌కి, 1879లో మసాచుసెట్స్‌లో స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు ఇవ్వలేదు, భర్త ఇంటిపేరుతో నమోదు కాలేదని. కెనడాలోని క్యుబెక్‌లో 1981 నుంచి రూల్ తిరగబడింది: పెళ్లయినా చట్టం దృష్టిలో పుట్టిన పేరే. జపాన్‌లో మాత్రం భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలని చట్టం. ఎవరిదైనా పర్లేదు అంటుంది కాగితం మీద. మారేది 95 శాతం దాకా ఆడవాళ్లదే. అక్కడి సుప్రీంకోర్టు 2015లో ఒకసారి, 2021లో ఇంకోసారి ఆ చట్టం చెల్లుతుందనే చెప్పింది.

తూర్పుగాలి
కొరియాలో అందరూ కిమ్‌లేగా, మరి అదైనా నిజమైన వంశమేనా?

లెక్కలపిచ్చి
ఐదుగురిలో ఒకరు కిమ్. కిమ్, లీ, పార్క్ కలిపితే 45 శాతం దాకా. కానీ చాలాకాలం అక్కడ బానిసలకు, అట్టడుగు జనానికి ఇంటిపేర్లు లేవు. 1894 సంస్కరణల్లో బానిసత్వం పోయింది. 1909 నమోదు చట్టంతో అందరూ ఇంటిపేరు చెప్పాల్సి వచ్చింది. చెప్పేదేదో పెద్దింటి పేరే చెబుదామనుకున్నవాళ్లు బోలెడు. అలా కొందరి వంశచరిత్ర ఒక రిజిస్టర్ గదిలో మొదలైంది. తమాషా ఏంటంటే, ఒకే వంశం ఒకే మూలస్థానం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న నిషేధం మాత్రం చట్టంలో ఉండిపోయింది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం కాదనేదాకా ఎన్నో జంటలు పెళ్లి నమోదు చేసుకోలేకపోయాయి. మీ ఫ్రెండ్‌కి ఇది చూపించండి.

నిద్రపట్టనిరాత్రి
ఇంటిపేర్ల గోలలో అసలు పేర్లను మర్చిపోయారు. రాతలో దొరికే అతి పాత పేర్లలో ఒకటి "కుషిమ్". మెసపొటేమియాలోని ఉరుక్‌లో, ఐదు వేల ఏళ్ల నాటి మట్టిపలక. 37 నెలల్లో 29,086 కొలతల బార్లీ లెక్క, కింద కుషిమ్. మనిషో, పదవో ఇంకా వాదన ఉంది. రాజు కాదు, దేవుడు కాదు, సరుకు లెక్క!

పాతకాలం పేర్లలో దేవుణ్ణి కలిపినవి చాలా. బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ పేరులో నబూ దేవుడున్నాడు. నాకు మాత్రం ఎక్కువ ఇష్టం దిష్టి తప్పించే పేర్లు. మంగోలియాలో పిల్లలు బతకని ఇంట్లో "నెర్‌గుయ్" అంటే పేరులేనిది, "ఎనెబిష్" అంటే ఇది కాదు, "హున్‌బిష్" అంటే మనిషి కాదు అని పెట్టేవాళ్లు, దుష్టశక్తి వచ్చి పేరు విని వెళ్లిపోవాలని. నైజీరియా యోరుబాల్లో పుట్టి పుట్టి పోతున్న బిడ్డని "మళ్లీ వెళ్లకు" అనే అర్థంతో "మలోమో" అంటారు. ఘనాలో ఆకాన్ ప్రజలు పుట్టిన వారం పేరు పెడతారు: కోఫీ శుక్రవారం, క్వామే శనివారం. కోఫీ అన్నన్, క్వామే ఎన్‌క్రుమా పుట్టిన రోజులు అలా తెలిసిపోతాయి.

మోడరేటర్
చర్చ బాగుంది. ప్రాంతాల వారీ ఇంటిపేర్ల అర్థాలు అడిగిన మూడు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. కులాల ప్రస్తావనతో వచ్చిన ఒకటి తీసేశాను.

గోడమీదపిల్లి
ఇంటిపేరు లేనివాళ్లు ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు? ఏ ఫారం చూసినా లాస్ట్ నేమ్ దగ్గర ఎర్ర చుక్క.

వానకోయిల
ఐస్‌లాండ్ హాయిగా ఉంది. తండ్రి పేరుకో తల్లి పేరుకో "కొడుకు", "కూతురు" చేరుస్తారు. 1980లో దేశాధ్యక్షురాలైన విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ అంటే ఫిన్‌బొగి కూతురు విగ్దిస్. టెలిఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేరు వరసలోనే ఉండేది. కాకపోతే సొంత పేర్ల మీద కమిటీ ఉంది. ఒక అమ్మాయికి తల్లి పెట్టిన పేరు మగపేరని ఒప్పుకోలేదు. ఆ పిల్ల పదిహేనేళ్లు సర్కారు కాగితాల్లో "అమ్మాయి" అనే పేరుతోనే ఉండి, కోర్టుకెళ్లి 2013లో గెలిచింది.

మయన్మార్‌లో ఇంటిపేరు అనేదే లేదు. ఆంగ్ సాన్ సూ చీ పేరులో ఆంగ్ సాన్ తండ్రిది, సూ నాయనమ్మది, చీ తల్లిది. ఇండోనేషియాలో సుకర్ణో, సుహార్తో ఒంటి పేర్లతోనే దేశాన్ని ఏలారు. ఒంటి పేరుతో అమెరికా వీసా తీసుకుంటే "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" అనే మాటకు పొట్టిరూపం ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. తర్వాత బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, జీతం చిట్టీ అన్నిట్లో అదే. నా సహోద్యోగి ఒకాయన్ని హెచ్‌ఆర్ నుంచి ఫోన్ చేసినావిడ "హలో ఫ్నూ" అని పలకరించింది.

పాతకాగితం
ఎఫ్‌ఎన్‌యూ కన్నా దారుణం కెనడాలో జరిగింది. ఉత్తరాన మంచుప్రాంతపు మూలవాసులైన ఇన్యూట్ జనానికి ఇంటిపేర్లు లేవు, వాళ్ల పేర్లకు ఆడా మగా తేడా లేదు. ఈమధ్య చనిపోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకి పెడతారు, ఆ బంధుత్వం కూడా బిడ్డకి వస్తుంది. తాత పేరు పెట్టిన కొడుకుని తల్లి "నాన్నా" అని పిలవొచ్చు. ఇదంతా రాసుకోవడం చేతకాక 1941 నుంచి సర్కారు ఒక్కొక్కరికీ నంబరు కొట్టిన చిన్న బిళ్ల ఇచ్చింది, తూర్పువాళ్లకి "ఈ", పడమటివాళ్లకి "డబ్ల్యూ". చాలామంది మెళ్లో దారానికి కట్టుకునేవాళ్లు. నంబర్లు తీసేసి ఇంటిపేర్లు పెట్టే పనిని 1968 నుంచి 1971 దాకా ఏబ్ ఓక్‌పిక్ అనే ఇన్యూట్ పెద్ద ఊరూరూ తిరిగి చేశాడు.

రాగిరేకు
ఇది ఒప్పుకుంటా, ఇక్కడ పుట్టించింది సర్కారే. కానీ తల్లి "నాన్నా" అనడం మాత్రం ఆ బిళ్ల ఆపలేకపోయింది. నా పాయింట్ మొదటి నుంచీ అదే. మంగోలియానే చూడండి. 1920ల్లో సోషలిస్టు ప్రభుత్వం వంశనామాలు నిషేధించింది. మూడు తరాల్లో చాలామంది తమది మర్చిపోయారు. 1990ల్లో మళ్లీ పెట్టుకోమన్నప్పుడు దేశంలో మొదటి వ్యోమగామి గుర్రాగ్చా "సన్‌సార్" అంటే విశ్వం అని పెట్టుకున్నాడు.

లెక్కలపిచ్చి
మిగతావాళ్లలో లెక్కలేనంత మంది చెంగిజ్ ఖాన్ వంశం పేరు బోర్జిగిన్ రాయించుకున్నారు. మళ్లీ ఔరేలియస్ కథే. ఐడీ కార్డులో ఆ గడి నిండింది గానీ, బయట పిలుచుకునేది మాత్రం సొంత పేరుతోనే, ముందు తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టి.